కొండ టైమూ, కింది టైమూ

మొన్న మా ఆవిడ మోకాళ్ళు చూపించడానికి జగదల్‌పూర్‌లో ఆసుపత్రికి వెళ్ళాం. కౌంటరులో కూర్చున్న అమ్మాయి మా కార్డు నెంబరు కొట్టి, తెర వంకే చూస్తూ, మా వంక చూడకుండానే "సర్వర్ మే నహీ దిఖా రహా, అంకుల్" అని తేల్చేసింది. మనిషి కుంటుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడి ఉంది, కానీ సర్వరులో లేదట. నేను మామూలుగా కౌంటర్ల దగ్గర గొంతు పెంచేవాణ్ణి కాను గానీ, ఈ ఒక్క మాట వింటే మాత్రం నాకు ఒళ్ళు మండిపోతుంది, ఎందుకంటే నా ఉద్యోగంలో మంచి వయసంతా సర్వర్లలో మనుషుల పేర్లు నిలబెట్టడానికే ఖర్చయిపోయింది. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, "మళ్ళీ ఆ కథ మొదలెట్టకండి" అంది. పైకి మొదలెట్టలేదు గానీ లోపల అది అప్పటికే మొదలైపోయింది.

బస్తర్ గనుల టౌన్‌షిప్పుల్లో కాపురం చేసినవాళ్ళకు నేను వర్ణించి చెప్పక్కర్లేదు. కొండ మీద గని, కొండ కింద క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, ఎర్రమట్టి పట్టి ఎన్ని ఉతుకులు ఉతికినా తెల్లబడని చొక్కాలు. ఆంధ్రా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన మాబోటివాళ్ళం ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ, సంతలో ఆకుకూరల ఆవిడతో వచ్చీరాని హల్బీ మాట్లాడుకుంటూ బతికేవాళ్ళం. నేను కంప్యూటరు సెక్షన్లో ఉండేవాణ్ణి. మా చేతిలో ఉన్నది డైరెక్టరీ. డైరెక్టరీ అంటే టెలిఫోను పుస్తకం అనుకునేరు, అందులో ప్రతి ఉద్యోగికీ ఒక చోటు ఉండేది. అతని పేరు, క్వార్టరు, ఏ షిఫ్టు, ఏ గేటులోంచి పోవచ్చు, ఇంట్లో ఎవరెవరికి ఉచిత వైద్యం, అన్నీ అక్కడే. గేటు దగ్గర యంత్రమూ దాన్నే అడిగేది, ఆసుపత్రిలో చీటీ రాసే గుమస్తా కూడా దాన్నే అడిగేవాడు.

మొదట్లో ఆ డైరెక్టరీ మొత్తం కింద మా గదిలో ఒకే ఒక్క సర్వరులో ఉండేది. అక్కడి వానలు ఎలాంటివో తెలుసు కదా, మబ్బు పట్టగానే కొండకూ మాకూ మధ్య లింకు తెగేది, పైన గేటు ఎవరినీ గుర్తుపట్టేది కాదు, షిఫ్టుకు వెళ్ళినవాళ్ళు తడుస్తూ నిలబడి మా సెక్షన్ను నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. అందుకని అదే డైరెక్టరీని మూడు చోట్ల పెట్టాలని నిర్ణయమైంది. కింద ఒకటి, కొండ మీద ఒకటి, జగదల్‌పూర్ ఆఫీసులో ఒకటి. ఏ చోట మార్పు చేసినా లింకు రాగానే మిగతా రెండింటికీ చేరుతుంది. ఒకే మనిషి వివరం రెండు చోట్ల మారితే, దేని మీద తరవాతి టైము ఉందో దాన్నే మూడూ నిజమని ఒప్పుకుంటాయి. ఇంతకన్నా న్యాయమైన ఏర్పాటు ఇంకేముంటుందనుకున్నాను. స్వయంగా నా చేతులతో మూడింటినీ నిలబెట్టి, అది పనిచేసిన రోజు ఇంటికి జిలేబీ కూడా పట్టుకెళ్ళాను.

కొండ మీది సర్వరు బాధ్యత మా బావమరిదిది. మా ఆవిడ తమ్ముడు, నా తరవాత కొన్నేళ్ళకు అక్కడే ఉద్యోగంలో చేరినవాడు, మంచి పనిమంతుడు, కాకపోతే ఒక మాట అడిగితే ముందు అలిగి తరవాత జవాబు చెప్పే రకం. పైన సర్వరు మొరాయిస్తే నేను అతన్ని అడగాలి, అడిగితే అతను అక్కకు చెప్పాలి, ఆవిడ రాత్రి అన్నం వడ్డించేటప్పుడు నన్ను అడగాలి. బంధుత్వాలు ఇలా పంచుకున్నాక ఉద్యోగం ఎలా చేస్తారో నన్నడిగితే నాకూ తెలియదు.

మా జీపు డ్రైవరుది రాష్ట్రం అంచు అడవుల్లో, పామేడు వైపు. ఇంట్లో మాట్లాడుకునేది దోర్లీ, మాతో మాట్లాడేది సరిహద్దు తెలుగు. మాట తక్కువ మనిషి. ఆ ఏడు తల్లిని ఊరి నుంచి తెచ్చుకున్నాడు. ఆమెకు రెండు కళ్ళూ మసకేశాయి, గడప ఎక్కడుందో చేత్తో తడుముకుని దాటే స్థితికి వచ్చింది. టౌన్‌షిప్పు ఆసుపత్రికి కళ్ళ డాక్టరు రాయపూర్ నుంచి ఎప్పుడో కాలానికొకసారి వచ్చేవాడు, శిబిరం పెట్టి ఆపరేషన్లు చేసి వెళ్ళిపోయేవాడు. డైరెక్టరీలో కొడుకు పేరు కింద తల్లి పేరు ఉంటే చీటీ ఇస్తారు, లేకపోతే లేదు. అతను కాగితాలన్నీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నేను ఆమె పేరు ఎక్కించాను. ఇంత చిన్న పని.

మర్నాడు పొద్దున్నే అతను మళ్ళీ మా గది గుమ్మంలో నిలబడ్డాడు. "సార్, మీరు ఎక్కిచ్చినమన్నరు గదా, ఆడ అడిగితే పేరు లేదంటుండ్రు" అన్నాడు. చూస్తే నిజంగానే లేదు. పొరపాటున నేనే భద్రపరచలేదేమో అనుకుని మళ్ళీ ఎక్కించాను, మళ్ళీ పోయింది. మిగతా వాళ్ళ ఇళ్ళలో పుట్టిన పిల్లల పేర్లూ, కొత్త కోడళ్ళ పేర్లూ ఎక్కించింది ఎక్కించినట్టు నిలిచేవి, ఈ ముసలమ్మ పేరు మాత్రం రాత్రికి ఉండి తెల్లారేసరికి మాయమయ్యేది. ఆమెను చూడటానికి ఒకసారి వాళ్ళ క్వార్టరుకు వెళితే, గుమ్మంలో మంచం మీద కూర్చుని నా గొంతు వినపడ్డ దిక్కుకు మొహం తిప్పి, "ఏంది కొడుకా, నా పేరు నీ డబ్బల నిలుస్తలేదంట? నేను ఈడ్నే ఉన్న, యాడికి బోలే" అంది. ఆమె నవ్వుతూనే అంది, నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

నేను ఊరికే కూర్చోలేదు. ఆసుపత్రి గుమస్తా దగ్గరికి వెళ్ళి, పేరు ఎక్కించింది నేనే, నా మాట మీద చీటీ రాయండి అంటే, యంత్రంలో లేని మనిషికి మందు ఇస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. యంత్రాన్ని అక్కడ పెట్టినవాణ్ణి నేనే బాబూ అంటే, అయితే ముందు దాన్ని బాగుచేసుకోండి అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అందుకే ఇంకా మండింది. జగదల్‌పూర్ తీసుకెళ్ళి బయట చూపిస్తానని డ్రైవరు ఒకటి రెండుసార్లు అన్నాడు గానీ, రేపో ఎల్లుండో పేరు నిలబడుతుందన్న ఆశతో ఆగిపోయాడు. ఈ రేపూ ఎల్లుండిల మధ్యనే డాక్టరు వచ్చాడు, శిబిరం జరిగింది, ఆయన వెళ్ళిపోయాడు. ఆ శిబిరంలో ఆమెను లోపలికి కూడా రానివ్వలేదు.

నేను కనిపెట్టగలిగింది ఒక్కటే, పేరు తుడిచిపెట్టుకుపోయేది కొండ మీది నుంచి. డ్రైవర్ల డ్యూటీ ప్రతి షిఫ్టుకూ మారేది కాబట్టి పైన షిఫ్టు ఆఫీసులో వాళ్ళ వివరాలు ప్రతి షిఫ్టుకూ తిరగరాసేవాళ్ళు, రాసినప్పుడు డ్యూటీ ఒక్కటే కాదు, పాత వివరమంతా కలిపి మళ్ళీ రాసుకునేది ఆ ప్రోగ్రాము. అయినా నష్టం ఉండకూడదు, ఎందుకంటే మూడు సర్వర్లయ్యాక లింకు మాకు ఇచ్చేదే షిఫ్టు గంట కొట్టిన తరవాత కాసేపు, నేను ఆ సమయంలోనే, వాళ్ళు రాసిన తరవాతే, పేరు నా కళ్ళ ముందే పైకి వెళ్ళాలని కూర్చుని మరీ ఎక్కించేవాణ్ణి. నాది తరవాతిది, నాదే గెలవాలి. ఎన్నిసార్లు లెక్క వేసుకున్నా అంతే తేలేది. ఇంట్లో ఈ మాట ఎత్తితే మా ఆవిడ, తమ్ముడి సర్వరుకే అన్ని రోగాలూ, మీ సర్వరు మాత్రం పతివ్రతా అనేది.

చివరికి ఒక రోజు ఓపిక నశించి, చెప్పాపెట్టకుండా జీపెక్కి కొండ మీదికి వెళ్ళాను. జీపు నడిపింది ఆ డ్రైవరే. మా బావమరిది నన్ను చూసి మొహం మాడ్చుకుని టీ తెప్పించాడు. నేను టీ ముట్టకుండా సర్వరు ముందు కూర్చున్నాను, కూర్చోగానే తెర మూలన ఉన్న టైము కనబడింది. నా చేతి గడియారం కంటే అరగంట ముందుంది.

ఇక్కడ మీకు కొండ టైము సంగతి చెప్పాలి. ఎప్పుడో మా కంటే ముందు వచ్చిన ఒక పెద్ద అధికారి, షిఫ్టుకు ఆలస్యంగా వచ్చేవాళ్ళతో విసిగిపోయి, కొండ మీది గోడ గడియారాలన్నింటినీ అరగంట ముందుకు తిప్పించాడట. ఆయన వెళ్ళిపోయాడు గానీ ఆ టైము ఉండిపోయింది. బస్సులు దాని ప్రకారమే కదిలేవి, సైరను దాని ప్రకారమే మోగేది. మా టౌన్‌షిప్పులో సత్యనారాయణ వ్రతానికి పిలిచినా, ఎనిమిదింటికి రండి, కొండ టైము కాదు కింది టైము అని చెప్పి మరీ పిలిచేవాళ్ళు. ఇద్దరు మనుషుల మధ్య దాని వల్ల ఎప్పుడూ తేడా రాలేదు, ఎందుకంటే వినేవాడు మనసులో అరగంట తీసేసుకునేవాడు. సర్వరుకు ఆ మనసు ఎక్కడిది? పైన రాసిందంతా అరగంట తరవాత రాసినట్టే దానికి కనబడేది, గంట కొట్టాక నేను కూర్చుని ఎక్కించేది ఆ అరగంట లోపలే కాబట్టి ఏం రాసినా అది పాతదే, ఓడిపోవలసిందే.

"ఇది నువ్వు పెట్టావా?" అని అడిగితే, మా బావమరిది ఏమాత్రం తడబడకుండా, "కొండ మీద కొండ టైము పెట్టక మీ కింది టైము పెడతానా బావా? షిఫ్టు వాళ్ళ హాజరంతా దీంట్లోంచే పోతుంది, అరగంట ముందే దిగిపోయారని జీతం కోస్తే వాళ్ళకి మీరొచ్చి చెప్తారా?" అన్నాడు. అతని మాటలోనూ న్యాయం ఉంది, అది ఒప్పుకునే స్థితిలో నేను లేను. నేను అంత గట్టిగా అరిచిన రోజు నా ఉద్యోగంలో ఇంకొకటి లేదు. బయట జీపు దగ్గర నిలబడ్డ డ్రైవరుకు అంతా వినబడే ఉంటుంది. గోడ మీది గడియారాన్ని గోడకే వదిలేసి, హాజరుకు వేరే ఏర్పాటు చేస్తానని ఒప్పించి, సర్వరుకు మాత్రం అసలు టైము పెట్టి కిందికి దిగాను. మా బావమరిది ఆ దసరాకు మా ఇంటికి భోజనానికి రాలేదు. ముసలమ్మ పేరు మాత్రం ఆ తరవాత ఎన్నడూ పోలేదు.

తరవాతి శిబిరం వానలు వెళ్ళాక జరిగింది. ఈసారి చీటీ ఇచ్చారు, ఒక కంటికి ఆపరేషన్ చేశారు, కట్టు విప్పిన రోజు ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనా ఆ డబ్బ కొడుకువి? గొంతు ఇని ఇంకింత పెద్దోనివి అనుకున్న" అని నోరారా నవ్వింది. రెండో కన్ను సంగతి డాక్టరు అప్పుడు చెప్పాడు. దాంట్లో ఉన్నది పొర ఒక్కటే కాదు, లోపల నీటి ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయింది, పోయిన శిబిరానికి తెచ్చి ఉంటే కాపాడేవాణ్ణేమో అన్నాడు. అని, కొడుకు వైపు తిరిగి, తల్లికి చూపు పోతుంటే ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు, మీ అడవి మనుషులతో ఎప్పుడూ ఇదే గొడవ అని అందరి ముందూ కేకలేశాడు.

అతను నా వైపు ఒక్కసారి చూశాడు. చూసి, తల దించుకుని, "మా పామేడు తొవ్వ మంచిగ లేదు సార్, తీస్కొచ్చేసరికి ఆలస్యమైంది" అన్నాడు. ఆ తల్లి అన్ని నెలలూ ఉన్నది ఆసుపత్రి వెనక సందులోనే. నేను ఉండబట్టలేక, దారి కాదు డాక్టరుగారూ, మా సర్వరు, కొండ మీద టైము అంటూ ఏదో చెప్పబోయాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, తరవాతి వాళ్ళను పిలిచాడు.

ఇప్పుడు ఆ మూడు సర్వర్లూ లేవు. డైరెక్టరీ అంతా ఎక్కడో పెద్ద నగరంలో, ఎన్ని యంత్రాల్లో ఉంటుందో ఎవరికీ తెలియనంత పెద్ద ఏర్పాటులో ఉందట, వాటి గడియారాలు వాటంతటవే సరిచూసుకుంటాయట, కొండ మీద కూడా అందరూ ఫోనులో టైమే చూసుకుంటున్నారట. మంచిదే, నేను పడ్డ పాట్లు ఈ కాలం పిల్లలకు అక్కర్లేదు. కానీ అప్పట్లో ఒక పేరు పోతే ఏ గదికి వెళ్ళి ఎవరి మీద అరవాలో నాకు తెలిసేది. ఇప్పుడు ఆ అరవడానికైనా ఒక మనిషి మిగల్లేదు, అందరూ నెమ్మదిగా, మర్యాదగా, రేపు రమ్మంటారు.

ఆ డ్రైవరు రిటైరై తన ఊరి వైపు వెళ్ళిపోయాడు. ముసలమ్మ చాలా ఏళ్ళు బతికిందనీ, ఆ ఒక్క కంటితోనే ఎండాకాలం ఇప్పపువ్వు ఏరుకుంటూ తిరిగేదనీ ఎవరో చెబితే విన్నాను. అతను ఎన్నో ఏళ్ళు నన్ను జీపులో తిప్పాడు, ఆ సంగతి మళ్ళీ ఒక్కనాడూ ఎత్తలేదు. ఆ రోజు డాక్టరు ముందు నన్ను వేలెత్తి చూపించి ఉంటే, కనీసం బయటికొచ్చాక నాలుగు తిట్లు తిట్టి ఉంటే, నాకు ఇప్పటికి ఎంతో కొంత తేలిగ్గా ఉండేది.