వాటం

వికారాబాద్‌లో మా అపార్ట్‌మెంటుకు ఐదంతస్తులు. వరండాల నిండా తాండూరు బండలు, అద్దం పరిచినంత సమంగా. పొద్దున్నే మా గుమ్మం తప్ప ప్రతి గుమ్మం ముందూ ఆడవాళ్లు నీళ్లు చల్లి కడిగి ముగ్గేస్తారు. ఆ నీళ్లు నిలిచి, మెల్లగా పాకి, లిఫ్టు గుంతలోకి దిగేవి. ఇక లిఫ్టు మొరాయించేది. కూరల సంచులతో నాలుగో అంతస్తు ఎక్కిన ఒకరోజు నాకు ఒళ్లు మండిపోయింది.

పక్కింటి పెద్దమ్మది తాండూరు. ఆమె చేతిలో బకెట్ చూడగానే, "ఇది పల్లెటూరి వాకిలి కాదు పెద్దమ్మా, నాలాగా తడిగుడ్డ పెడితే చాలదా?" అన్నాను.

ఆమె బకెట్ దించలేదు. "వాకిలి కడగకుంట పొద్దెట్ల మొదలువెడ్తం బిడ్డా? నీళ్లు జారిపోయేటట్టు బండలకు వాటం పెట్టనిది కట్టినోళ్లు. నన్నెందుకు అంటున్నవ్?"

కోపం తగ్గలేదు గానీ, అది ఆమె మీది నుంచి కట్టినవాళ్ల మీదికి మళ్లింది. మా ఇళ్లను గీసినవాళ్లు తలుపు వరకే గీశారు, వాకిలిని మర్చిపోయారు.

అందరం కలిసి బండలు లేపించి, లిఫ్టుకు ఎదురు దిక్కుకు వాటం పెట్టించాం. చివర ఒక పైపు, దాని కింద గేటు పక్కన మల్లె పాదు.

మొన్న పొద్దున, పెళ్లయ్యాక మొదటిసారి, నా గుమ్మం నేనూ కడిగాను. నీళ్లు తమ దారిన పోయాయి. లిఫ్టు వైపు నేను చూడనేలేదు.