సంచిలో చతురస్రం

మూడో తరగతిలో మాకు ఆకారాలు నేర్పిన టీచరమ్మ మొన్న ఆదివారం తార్నాకలోని తన ఇంట్లో కన్నుమూశారు. కబురు చెబుతూ నా చిన్ననాటి దోస్తు ఫోన్‌లోనే ఏడ్చేసింది. నాకు మాత్రం ముందు ఆమె బట్టసంచి గుర్తొచ్చింది.

అరవైల చివర, యూనివర్సిటీ క్యాంపస్‌లో మాదొక చిన్న బడి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు నుంచి మా నాన్న తెచ్చిచ్చిన చెక్కముక్కలను టీచరమ్మ గరుకు కాగితంతో నునుపు చేసి ఆ సంచిలో వేసుకున్నారు. మేము కళ్లు మూసుకుని అందులో చేయి పెట్టి, అంచులూ మూలలూ తడిమి, ఆకారం పేరు చెప్పాలి. "కళ్లు తొందరపడతాయమ్మా, వేళ్లనడుగు," అనేవారు. సరిగ్గా చెబితే "ఒప్పు, కూర్చో." అంతకుమించిన పొగడ్త ఆమె నోట ఎన్నడూ వినలేదు.

ఒకరోజు ఇన్‌స్పెక్టరు గారొచ్చారు. పుస్తకం లేని ఈ సంచి చదువేమిటని ఆయనకు ముందే కోపం. పిల్లలు తప్పు చెబితే సంచి మూసేయాల్సిందేనని గుమ్మంలోనే అనేశారు. టీచరమ్మ ముఖం వాడిపోయింది. ఆయన సంచిలోంచి ఒక చతురస్రం తీసి, మూల కిందికొచ్చేలా పట్టుకుని, "ఇదేంది?" అన్నారు.

"డైమన్!" క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. నాన్నల పేకముక్కల్లో చూసి నేర్చిన మాట అది. నేనూ అరిచాను, దాచడమెందుకు.

"చూసిన్రా టీచరమ్మా? ఇగ సంచి బంద్ చెయ్యున్రి," అని నవ్వారాయన.

టీచరమ్మ మా వైపు తిరిగి కళ్లు మూసుకున్నారు, అంతే. నాకు చచ్చేంత సిగ్గేసింది. లేచి వెళ్లి, నేనూ కళ్లు మూసుకుని ఆయన చేతిలోని ముక్కను తడిమాను. ఒక్కో అంచునూ చూపుడు వేలితో కొలిచాను. నాలుగూ సమానం. మూలలన్నీ పలక మూలల్లాగే ఉన్నాయి.

"గిది చతురస్రమే సార్. మీరు వంకరగ పట్టుకున్నరు, గంతే!"

క్లాసు గొల్లున నవ్వింది. ఆయన ముక్కను అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత, మీరు నమ్మరు, కళ్లు మూసుకుని తానే సంచిలో చేయి పెట్టారు.

"ఎన్ని మూలలు సార్?" అన్నారు టీచరమ్మ.

"మూడమ్మా," అన్నారాయన బుద్ధిగా.

"ఒప్పు, కూర్చోండి."

ఆమె రిటైరయ్యేదాకా ఆ సంచి మా క్లాసు గోడ మేకుకే వేలాడింది. ఆ పూట గర్వం నాకింకా తగ్గలేదు. తగ్గించుకోవాలనీ లేదు.

సోమవారం ఆమెను పెట్టెలో పడుకోబెట్టారు. భుజాల దగ్గర వెడల్పై, అటు తలవైపూ ఇటు కాళ్లవైపూ సన్నబడిన పెట్టె. పాస్టరు గారి ప్రార్థనకు కళ్లు మూసుకుని దాని అంచు మీద చేయి వేశాను. వేళ్లు వాటంతటవే కదిలాయి. కళ్లు తెరిస్తే ఎదురుగా నా దోస్తు చేయి కూడా అంచు వెంట నడుస్తోంది.

"ఎన్ని మూలలున్నయే?" అన్నాను మెల్లగా.

"ఆరు."

ఇద్దరం టీచరమ్మ ముఖం వైపు చూశాం, ఒప్పు అంటారేమోనని.