చెయ్యి వెయ్యనివ్వని పెద్దాయన

మా కొండదారిలో ఎవరైనా బరువు దించుకుని కూర్చుంటే, ఎదురొచ్చినవాళ్లు ఆ తట్ట నెత్తికెత్తి పంపాలి. అడగక్కర్లేదు. మా ఆయన పోయాక జి.మాడుగుల సంతకు పసుపు మోసే నాకు, ఎవరో ఒకరు అలా ఎత్తుతూనే ఉన్నారు.

ఆ పెద్దాయన మాత్రం చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. విశాఖపట్నంలో రిటైరయ్యాక మోటారుసైకిలు నేర్చి, రాళ్లూ, నీళ్లు పారే గెడ్డలూ ఉన్న దారులు వెతుక్కుంటూ వచ్చేవాడు. పడేవాడు. నేను పరిగెత్తితే, "ఆగమ్మా, నేనే లేపుకుంటాను" అనేవాడు.

"తారురోడ్డుండగా ఈ రాళ్లల్లో ఏటి పని బావూ?"

"పనేం లేదమ్మా. ఇన్నాళ్లూ పనుండే తిరిగాను. బండి లేపలేని రోజున మానేస్తాను."

చెప్పొద్దూ, ఒళ్లు మండింది. "మాకు మానీడానికి నేదు బావూ" అన్నాను.

చివరిసారి, వానలు వెలిశాక, గెడ్డ దాటుతూ పడ్డాడు. నడుము ఆనించి బండి ఎత్తబోయాడు, జారిపోయింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ జారింది. నేను తట్ట దించి ఒడ్డునే నిలబడ్డాను. పిలవకుండా వెళితే ఒప్పుకోడు కదా. చాలాసేపటికి, నా వైపు చూడకుండానే అన్నాడు:

"ఓ చెయ్యి వెయ్యమ్మా."

ఇద్దరం లేపాం. ఆయన వెంటనే బండెక్కలేదు. ఒడ్డుకొచ్చి, నా తట్ట రెండో పక్క పట్టుకుని నెత్తికెత్తాడు.

"ఇంత బరువా అమ్మా?"

"బేగెళ్లండి బావూ, మబ్బట్టీసింది."

ఆ తర్వాత ఆయన రాలేదు. సంత మాత్రం వారం వారం వస్తూనే ఉంది.