సండూరు దుమ్ము పట్టించిన లీకు

ఈ ప్రయాణం కొండలు చూడ్డానికి పెట్టుకున్నది కాదు, మా రేణుకక్క పాత జీపు కోసం. అక్క బళ్లారి కంటోన్మెంట్‌లో బొరుగుల ఉగ్గాణి, బజ్జీలు చేసి, ఆ జీపులో సండూరు తీసుకెళ్లి లారీ డ్రైవర్లకు అమ్ముతుంది. నడిపేది బావ తిప్పేసప్ప. కొన్నాళ్లుగా రేడియేటర్‌లో నీళ్లు రోజూ తగ్గుతున్నాయి, కింద మాత్రం ఒక్క చుక్క లేదు. మెకానిక్ బానెట్ ఎత్తకుండానే ఇంజను లోపల నీళ్లను ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయిందనీ, ఇంజను విప్పాలనీ తేల్చేశాడు. ఖర్చు విన్న బావ, సోమవారం జీపును తుక్కు కొనే గుజరీ అంగడికి ఇచ్చేస్తానన్నాడు. జీపు పోతే అక్క వ్యాపారం పోయినట్టే. నాకు ఒళ్లు మండింది. నేను మార్కెట్లో బస్తాలు మోసేవాణ్ణి. బండి పని ఎవరూ నేర్పలేదు, పాడైన బండ్ల కింద దూరి నేర్చుకున్నాను. చూడకుండా తీర్పు చెప్పేవాళ్లంటే నాకు పడదు.

ఆదివారం పొద్దున ఇంజను చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేశాను. బుడగలు రాలేదు. ఆయిల్‌లో నీళ్లు కలిసిన తెల్లదనం లేదు, సైలెన్సర్ నుంచి తెల్ల పొగా లేదు. గ్యాస్కెట్ పోతే మామూలుగా వీటిలో ఏదో ఒకటి కనబడుతుంది.

"అయితే నీళ్లు యాడికి పోతాండాయిరా?" అంది అక్క.

"అది ఇంటి ముందర నిలబెడితే తెలీదక్కా. రోజూ పోయే దారిలోనే తెలియాల."

కుడితిని మీదుగా తోరణగల్లు చేరి, అక్కడ ఎడమకు తిరిగితే సండూరు. గంటన్నర దారి. ఖనిజం లారీల వెనక చిక్కితే రెండు గంటలూ పడుతుంది. మేం చిక్కాం. రానూపోనూ డీజిల్‌కు వెయ్యి రూపాయలు సరిపోయాయి. జీపు నేను నడిపాను, అక్క నా పక్కన కూర్చుంది. బావ వెనక సీట్లో కూర్చున్నాడు, నేను ఓడిపోతే చూడ్డానికి.

సండూరు పోయి, తిరుగుదారిలో కొండ రోడ్డెక్కి దిగేసరికి ఇనుప ఖనిజం దుమ్ముతో జీపంతా ఎర్రబడింది. ఈ వైపు ఒక అలవాటుంది. సండూరు నుంచి బండిని ఎర్రగా ఇంటికి తేరు. తోరణగల్లు దగ్గర ఆపి, బానెట్ ఎత్తి, ఇంజనుకు కూడా నీళ్ల పైపు పెట్టి కడిగేస్తారు. బావ ఆ పని ఒక్క రోజూ తప్పడు. అక్కడ బండ్లు కడిగే సర్వీసు పాయింటతను మమ్మల్ని చూసి పైపుతో వచ్చాడు.

"వద్దప్పా. ఈ పొద్దు కడిగేది లేదు."

"ఏందప్పా, జాతరకు కుంకుమ పూసినట్ల ఉండాది బండి, ఇట్లే పోతావా?"

"నాకు ఆ కుంకుమే కావాల."

ఇంజను చల్లారాక బానెట్ ఎత్తాను. లోపలంతా పొడి దుమ్ము, ఊదితే లేచేంత పొడి. వాటర్ పంపు కింద ఒక్క చోట మాత్రం అరచేతి మేర ఎర్ర బురద.

"ఆయిల్ అయ్యుంటాది, సుమ్నె ఊరికే ఎగరద్దు," అన్నాడు బావ.

వేలితో తీసి ఆయన ముందు పెట్టాను. జిడ్డు లేదు. స్టార్ట్ చేసి అక్కను ఆక్సిలరేటర్ తొక్కమన్నాను. పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం నుంచి ఒక చుక్క వచ్చింది, దాని వెనకే ఇంకొకటి. పంపు లోపలి సీలు పోయింది. ఎత్తెక్కేటప్పుడు కారిన నీళ్లు వేడి ఇంజను మీదే ఆరిపోతున్నాయి. మిగిలిన బురదను రోజూ పైపు కడిగేస్తోంది.

"దొంగ కాళ్ల గుర్తులు నువ్వే కడిగేస్తాండావు బావా."

అక్క నవ్వి నవ్వి స్టీరింగ్ మీద వాలిపోయింది. బావ నవ్వలేదు. గుజరీ వాళ్లకు మర్నాడు రావద్దని అక్కడి నుంచే ఫోన్ చేశాడు. దారిలో నీళ్లు పోసుకుంటూ నెమ్మదిగా బళ్లారి చేరాం. సాయంత్రం కొత్త పంపు నేనే బిగించాను. సోమవారం ఉగ్గాణి సండూరు చేరింది. నీళ్లు తగ్గలేదు.

ఆ దుమ్మును అందరూ తిడతారు, నేనూ తిట్టాను. కానీ ఆ రోజు నిజం చెప్పింది అదొక్కటే, దాన్ని చదివింది నేను. ఈ మాట ఎక్కడైనా గట్టిగానే చెబుతాను. మీరు పాత బండితో ఈ దారి ఎక్కుతుంటే ఒకటే గుర్తుంచుకోండి: నీళ్లు తగ్గుతున్న బండిని చూడకుండా కడగకండి. ఇప్పుడు బావ కూడా పైపు పట్టుకునే ముందు నాకు ఫోన్ చేస్తున్నాడు. "అంతా పొడిగానే ఉండాదప్పా. కడగొచ్చా?"