త్యాగరాజు గారి డ్రాగన్‌కి ఒక్క మడత తక్కువ

మా ఎదురింటి త్యాగరాజు గారి చేతికి కాగితం ఇస్తే అది కాగితంలా తిరిగిరాదు. కొంగై వస్తుంది, కప్పై వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. చిలకలూరిపేటలో ఒక స్పిన్నింగు మిల్లు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయన బల్ల సొరుగు లాగితే జంతుప్రదర్శనశాలే కనిపించేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

శుభలేఖల సంగతి మరీ ఘోరం. కిందటేడు మా అక్క పెళ్లికి పిలిస్తే, పెళ్లయిన మర్నాడు పట్టుబట్టలతో దిగారు.

"ముహూర్తం నెమలి తోకలోకి వెళ్లిపోయిందిరా జయదేవ్. విప్పితే నెమలి పాడవుద్ది" అన్నారు. మిగిలిన లడ్లు చేతిలో పెట్టి పంపించాం.

ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి వచ్చి కరపత్రం ఇచ్చి హామీలు ఏకరువు పెడుతుంటే, ఈయన అతని ఎదుటే దాన్ని ఊసరవెల్లిని చేసేశారు. "మంచి కాగితమండీ, ఎటు కావాలంటే అటు వంగుతోంది" అని మెచ్చుకున్నారు కూడా.

ఉగాదికి ముందు ఆయన భార్య కనకలక్ష్మి గారికి పక్షవాతం వచ్చింది. మాటకేం కాలేదు, ఇంకాస్త పెరిగింది. కుడిచెయ్యి మాత్రం స్వాధీనం తప్పింది. వేళ్లు ఆడించకపోతే అలాగే బిగుసుకుపోతాయని డాక్టరు హెచ్చరించి, నొక్కడానికి రబ్బరు బంతి ఇచ్చాడు. ఆవిడ దాన్ని ఎడంచేత్తో వీధిలోకి విసిరేసింది.

"ఈ వయసులో నాకు బంతాటేంటి!"

సరిగ్గా అప్పుడే ఈ మహానుభావుడు డ్రాగన్ మొదలుపెట్టారు. చాపంత బ్రౌను కాగితం. కత్తెర తగలకూడదు, జిగురు అంటకూడదు, ఆ ఒక్క కాగితంలోంచే కొమ్ములు, రెక్కలు, గోళ్లు, ఒంటినిండా పొలుసులు రావాలి. కాగితం కదులుతుందని ఫ్యాను కట్టేశారు. పేట ఎండల్లో ఆ ఇంటికి చుట్టాలు రావడం మానేశారు.

"పెళ్లాం చెయ్యి పడిపోతే ఈయన చైనా బల్లితో ఆడుకుంటున్నాడు" అని వీధంతా బుగ్గలు నొక్కుకుంది.

మిర్చి వ్యాపారి మీరావలి గారు మాత్రం రోజూ గుమ్మంలోంచే అడిగేవారు. "అయిందాండీ జంతువు?"

"అయిపోయినట్టే. ఒక్క మడతే మిగిలింది."

గుంటూరు మిర్చి యార్డుకు ఎండాకాలం సెలవులు వచ్చాయి, పోయాయి. చేలల్లో పత్తి గింజలు మొలిచాయి. ఒక్క మడతే మిగిలింది.

పైగా మాటిమాటికీ ఆవిడకు పిలుపు. "లక్ష్మీ! ఇక్కడ కుడి బొటనవేలితో నొక్కిపట్టు. నా వేళ్లు లావు, దూరవు."

"నా చెయ్యి చచ్చుబడి నేనేడుస్తుంటే మీ బల్లికి కాళ్లు పట్టాలా?" అని తిడుతూనే ఆవిడ నొక్కేది.

మొన్న మా చెల్లి శుభలేఖ తీసుకుని వెళ్లాను. బల్లమీద డ్రాగన్ రెక్కలు విప్పుకుని ఠీవిగా నిలబడి ఉంది. మీసాలతో సహా పూర్తయిపోయింది. త్యాగరాజు గారు దాని తోక చకచకా విప్పేస్తున్నారు.

"బాబాయ్ గారూ! అయిపోయినదాన్ని విప్పుతారేంటి?"

"ఒరేయ్, అరవకు! ఇది అయిపోతే రేపట్నుంచి ఆవిడ వేళ్లకి పనెక్కడ తెచ్చేది?"

ఇన్నాళ్లూ ఈ మనిషిని చూసి నవ్వామా అనిపించింది.

"ఆ నొక్కుళ్ల వెనకాల మీ నాటకం నాకు తెలీదనుకున్నారా?" వంటింటి గుమ్మంలోంచి కనకలక్ష్మి గారు. "నిన్న నొక్కిన మడతే ఇవాళ మళ్లీ నొక్కమంటే తెలీదూ? పోనీలే, ముచ్చటపడుతున్నారని ఊరుకున్నా."

వచ్చి కూర్చుని, తోక తనే మడిచి, కుడి బొటనవేలితో గట్టిగా గీసింది. "అయిపోయింది. ఈ బల్లి మొహం చూడలేక చస్తున్నా. రేపట్నుంచి ఏనుగు మొదలుపెట్టండి."

త్యాగరాజు గారు డ్రాగన్‌ని కాదు, ఆవిడ బొటనవేలిని చూస్తున్నారు. లేచి ఫ్యాను వేశారు.

సందు చూసుకుని శుభలేఖ తీశాను. ఆయన చెయ్యి చాచేలోపే ఆవిడ కుడిచేత్తో లాక్కుంది.

"మీకిస్తే మళ్లీ మర్నాడు వెళ్తాం. ఈసారి ముహూర్తం నేను చూస్తా."

"అలాగే పిన్నిగారూ, తప్పకుండా రావాలి" అని చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ ముహూర్తం ఇంకా చదవలేదు. పసుపు రాసిన మూల అప్పటికే మడిచేసింది.