తాళికి రెండో టేకు

తొంభైలలో, ఫిల్మ్ నగర్‌లో ఒక విలన్ నటుడి కూతురి పెళ్లి. ‘ఇటు చూడండి’ అనకుండా ఫొటోలు తీయడం నా పద్ధతి. అప్పగింతలప్పుడు ఆ నటుడు పందిరి చాటున వెక్కివెక్కి ఏడుస్తుంటే తీశాను. ఆయన మేనేజరు నా కాలరు పట్టుకున్నాడు.

“సారు ఏడుస్తుంటే తీస్తవారా? రీలు తియ్, లేకుంటే బొక్కలిరుగుతయ్!”

“అన్నా, తాళి కట్టుడు గూడ గీ రీల్లనే ఉంది. ఎండ తగిలితే ఖతం!”

వినకుండా కెమెరా లాక్కుని మూత తెరిచాడు. వెలుతురు తగిలి రీలంతా పాడైపోయింది. సంగతి తెలిసిన నటుడు కళ్లు తుడుచుకుని, “ఏముందయ్యా, ఇంకో టేకు చేద్దాం,” అన్నాడు.

పెళ్లంటే షూటింగా! అప్పగింతల్లో ఏడ్చి ఉబ్బిన కళ్లతోనే పిల్లను మళ్లీ పీటల మీద కూర్చోబెట్టి, తాళి కడుతున్న ఫొటో కొత్త రీలుతో తీయించారు. ఆల్బమ్‌లో ఆ ఫొటో చూసినవాళ్లు ఆ పిల్లది బలవంతపు పెళ్లనుకున్నారేమోనని నాకిప్పటికీ భయమే.