ఏడో తీగ

ఏ పాట మొదలుపెట్టేముందైనా జెనేజియో బొటనవేలిని గిటారు ఏడో తీగ మీద ఆనించేవాడు. మోగించడానికి కాదు, ఊరుకోబెట్టడానికి.

మా రామోస్ పేటలో ఆయన మంగలి. ఆదివారం మధ్యాహ్నం దుకాణం ముందు, బాదంచెట్టు నీడలో, కుర్చీలు గుండ్రంగా వేసుకుని వాయించేవాళ్ళం. కాగితాలుండవు. ఏడు తీగల గిటారులో అడుగు స్వరాలు, అంటే మంద్ర స్వరాలు, ఎటు నడిస్తే అటే మా దారి. జెనేజియో నడకకు పేరుంది. నిలబడటం ఆయనకు రాదు.

ఫ్లూటు వాయించే జురేమా ఆ ఏడాది ఒక వాల్ట్జ్ పాట కట్టింది. రెండో భాగంలో ఒక పొడుగాటి స్వరం. దాని కింద జెనేజియో డిమినిష్డ్ కార్డు, ఎటూ తేలని స్వరాల గుత్తి, పట్టి, వెంటనే అడుగు స్వరాలతో మెట్లు దిగేవాడు. ఆమె ఆపేసేది. పేట పండగలో వాయించాల్సిన రోజు దగ్గరపడ్డాక, ఒక ఆదివారం మళ్ళీ ఆపేసింది.

"నీ వేలికి కాళ్ళొచ్చాయేంటయ్యా? నా స్వరం ఇంకా ఇంట్లోనే ఉంది. నువ్వప్పుడే వీధి చివరికెళ్ళిపోయావు."

"కార్డు సరైందే కదమ్మా."

"సరైందే. దాని కింద నేల లేదు. వచ్చే ఆదివారం కూడా ఇంతే అయితే, పండక్కి ఇంకొకర్ని పిలుచుకుంటా."

నేను కంజిర ఒళ్ళో పెట్టుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఇద్దరి జుట్టూ నల్లగా ఉన్నప్పటి నుంచి ఆమె పక్క కుర్చీ ఆయనదే.

శనివారం గడ్డం గీయించుకుందామని వెళ్ళాను. ఆయన గిటారు పట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళ అమరిక మార్చకుండా మూడు మెట్లు పైకి జరిపాడు. అదే కార్డు. మళ్ళీ జరిపాడు. అదే.

"దీనికి సొంత ఊరు లేదయ్యా. ఎటైనా పోతుంది," అన్నాడు.

ఎదురుగా పట్టాల మీద రైలు వెళ్తోంది. ఆయన అటు చూస్తూ వాల్ట్జ్ ఎత్తుకున్నాడు. ఏడో తీగను మోగించి, వేలు ఆనించి ఊరుకోబెట్టడం మరిచిపోయాడు. ఆ తీగ స్వరమే ఆ పాట తిరిగొచ్చి ఆగే ఇల్లు. పైన వేళ్ళు డిమినిష్డ్‌కు మారాయి. కింద అది మోగుతూనే ఉంది. పైన ప్రయాణం, కింద కదలని గడప. రైలు పోయింది. తీగ పోలేదు.

"కార్డులో లేని స్వరం అడుగున పడింది," అన్నాడు మెల్లగా.

"తప్పేమో," అన్నాను.

"తప్పైతే చెవి పొమ్మంటుంది. ఇది ఉండమంటోంది."

ఆదివారం ఆ పొడుగాటి స్వరం వచ్చింది. జెనేజియో ఏడో తీగను ఒక్కసారి మీటి, వేలు ఎత్తి ఉంచాడు. జురేమా కళ్ళు మూసుకుంది. ఊపిరి ఉన్నంతసేపూ ఆ స్వరాన్ని వదల్లేదు. నా చెయ్యి కంజిర మీదే ఆగిపోయింది.

పాటయ్యాక ఆమె ఫ్లూటు తుడుచుకుంటూ, "పండగనాడు చొక్కా ఇస్త్రీ చేసుకుని రా," అంది.

మర్నాడు పొద్దున ఆయన దుకాణం తెరిచాడు. మొదటి మనిషి మెడకు గుడ్డ చుట్టి, మేకుకు వేలాడుతున్న గిటారు ఏడో తీగను మీటాడు. వేలు ఆనించలేదు. అది దానంతటది ఆగేదాకా కత్తి తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.